కాజీపేట డబ్ల్యూడీఎం-2, హెచ్ఓ స్కేల్‌లో: గేజ్ దగ్గర ఆగాను, సలహా చెప్పండి

కాజీపేటవాసి

అందరికీ నమస్కారం. ఎప్పటినుంచో మనసులో ఉన్న పని మొదలుపెట్టాను. 1980ల్లో కాజీపేట షెడ్డులో తిరిగిన డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజన్ ఎలా ఉండేదో, అలాంటి మోడల్ ఒకటి హెచ్ఓలో, అంటే 87వ వంతు కొలతలో చేస్తున్నాను. రెడీమేడ్ బొమ్మకు రంగు మార్చడం కాదు, బాడీ అంతా చేత్తోనే.

లెక్కలు ఇలా వచ్చాయి. బఫర్ (కోచ్‌లు తగిలే చివరి దిమ్మ) నుంచి బఫర్‌కు అసలు పొడవు 17,120 మి.మీ., మోడల్‌లో 196.8. వెడల్పు 2,864కి 32.9. ఎత్తు 4,185కి 48.1. కొత్త చక్రం 1,092కి 12.55. క్యాబ్‌కు (డ్రైవర్ గదికి) ఒక పక్క పొడుగు డబ్బా లాంగ్‌హుడ్, ఇంకో పక్క పొట్టి డబ్బా షార్ట్‌హుడ్; రెండూ స్టైరీన్ అనే ప్లాస్టిక్ షీటుతో కోశాను. క్యాబ్ మాత్రం రెజిన్ ప్రింట్. హుడ్ తలుపులు ఒక్కొక్కటి విడిగా కోసి అతికిస్తున్నాను. షీటు మీద గీత గీసి తలుపు అనిపించొచ్చు కానీ, పక్కనుంచి వెలుతురు పడినప్పుడు తలుపు అంచుకు సన్నటి నీడ రావాలి. గీతకు అది రాదు.

వచ్చిన చిక్కల్లా కిందే. హెచ్ఓ ట్రాక్ గేజ్, అంటే పట్టాల మధ్య ఎడం, 16.5 మి.మీ. దాన్ని 87తో గుణిస్తే 1,435, అంటే అమెరికా, యూరప్‌ల స్టాండర్డ్ గేజ్. మన బ్రాడ్‌గేజ్ 1,676. 87వ వంతు చేస్తే 19.26 మి.మీ. రావాలి. బజారులో దొరికే ట్రాక్ మీద పెడితే చక్రాలు రెండు పక్కలా కలిపి దాదాపు 2.8 మి.మీ. లోపలికి పోతాయి. మీలో ఎవరైనా దీన్ని ఎలా పరిష్కరించారు?

బ్రాడ్‌గేజ్1676

ఈ ప్రశ్న అడిగినందుకే మీకు దండం పెట్టాలి. చాలామంది దీన్ని తలుచుకోకుండానే దాటేస్తారు.

నా మాట ఒక్కటే: 19.3 వేయండి. 16.5 మీద పెట్టిన డబ్ల్యూడీఎం-2ని ఎదురుగా నిలబడి చూడండి. పంచె కట్టిన బలిష్ఠుడు మోకాళ్లు దగ్గరపెట్టి నిలబడ్డట్టు ఉంటుంది. మన బండికి ఆ ఠీవి వచ్చిందే వెడల్పాటి పట్టాల వల్ల. అది పోయాక తలుపులకు ఎన్ని కీళ్లు పెట్టి ఏం లాభం?

ఇది జరగని పనేం కాదు. ఐర్లాండ్ బ్రాడ్‌గేజ్ 1,600 మి.మీ. అక్కడి మోడలర్లలో పట్టుదల ఉన్నవాళ్లు 76వ వంతు స్కేల్‌లో 21 మి.మీ. ట్రాక్ చేత్తో వేసుకుంటారు. అదే స్కేల్‌లో మనకైతే సరిగ్గా 22 వస్తుంది. వాళ్లకు సాధ్యమైంది మనకెందుకు కాదు?

విశాఖ_లోకో

నేను ఒప్పుకోను. స్పెయిన్ గేజ్ 1,668, దాదాపు మనదే. అక్కడి పెద్ద కంపెనీలు కూడా హెచ్ఓ బండ్లను 16.5 మీదే అమ్ముతాయి. స్పెయిన్ మోడలర్లు హాయిగా నడుపుకుంటున్నారు. గేజ్ మార్చారంటే పట్టాలు మారే పాయింట్లు, క్రాసింగులు, కోచ్‌లు, వ్యాగన్లు అన్నీ మీరే చేసుకోవాలి. ఇంకొకరి లేఅవుట్ (పట్టాలు పరిచిన మోడల్ దారి) మీద మీ బండి ఒక్క అడుగు కదలదు.

మా ఊళ్లో నెలకోసారి కలుస్తాం. ఎవరి బండి తెచ్చినా ఒకే పట్టాల మీద పరుగెడుతుంది. ఆ సరదా చిన్నదేం కాదు.

బ్రాడ్‌గేజ్1676

సరదా గురించి నాకు పేచీ లేదు. కానీ ఆయన అడిగింది కాజీపేట బండి గురించి. అది స్టాండర్డ్ గేజ్ మీద ఎప్పుడూ నడవలేదు.

హడ్సన్ ఒడ్డు

నేనుండేది న్యూజెర్సీలో. గేజ్ సంగతి మీరు తేల్చుకోండి. కింద యంత్రం గురించి రెండు మాటలు చెబుతాను.

డబ్ల్యూడీఎం-2 పుట్టింది మా పక్క రాష్ట్రంలోనే, న్యూయార్క్ రాష్ట్రం స్కెనెక్టడీలో. తయారుచేసిన కంపెనీ ఆల్కో, వాళ్ల మోడల్ పేరు డీఎల్560సీ. 16 సిలిండర్ల 251బీ ఇంజన్, 2,600 హార్స్‌పవర్. మొదటివి 1962లో అక్కడినుంచే ఓడెక్కాయి. వారణాసిలో రైల్వే వాళ్ల డీజిల్ ఇంజన్ల కర్మాగారం డీఎల్‌డబ్ల్యూలో తయారీ 1964లో మొదలైంది. అక్కడి మొదటి బండి 18233, పేరు కుందన్. ఆల్కో 1969లో లోకోల తయారీ మానేసింది, వారణాసి మాత్రం ఆ ఇంజన్‌ను దశాబ్దాలపాటు చేస్తూనే వచ్చింది.

ఈ చరిత్ర ఎందుకంటే, మీకు కావాల్సిన బోగీ (కోచ్ కాదు, చక్రాలుండే కింది చట్రం) అమెరికా మోడళ్లలో దొరుకుతుంది. ఆల్కో ట్రైమౌంట్ బోగీ. అట్లాస్ కంపెనీ హెచ్ఓలో ఆర్ఎస్‌డీ-12 అనే ఆల్కో ఇంజన్ మోడల్ చేసింది, దాని కింద ఉండేది ఆ కుటుంబం బోగీయే. పాతది ఒకటి కొని బాడీ తీసేస్తే మోటారు, గేర్లు, ఫ్లైవీల్ అన్నీ సిద్ధంగా ఉంటాయి. డబ్ల్యూడీఎం-2కూ అమెరికా బండిలాగే సన్నటి హుడ్, పక్కన నడవా ఉంటాయి కాబట్టి ఆ మోటారు లోపల పట్టేస్తుంది.

చక్రం మాత్రం తేడా. అమెరికా బండ్లకు 40 అంగుళాలు, అంటే 1,016 మి.మీ. మీకు కావాల్సింది 1,092.

షెడ్డు మనిషి

బాబూ, నేను డీజిల్ షెడ్డులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. ఇక్కడ చదవడమే తప్ప రాయడం అలవాటు లేదు. ఈ చక్రం మాట చూశాక రాయాలనిపించింది.

1,092 అనేది కొత్త చక్రానికి. నడిచే కొద్దీ అరుగుతుంది, ఫ్లాంజ్ (చక్రం పట్టా దిగకుండా ఆపే అంచు) పాడైతే లేత్ మీద తిప్పుతాం, మళ్లీ తగ్గుతుంది. అలా తగ్గి తగ్గి 1,016కి వచ్చిందంటే ఆ చక్రం ఇక పనికిరాదు, మార్చాలి. అంటే అమెరికా మోడల్‌కు ఉన్న చక్రం మన లెక్కలో జీవితం అయిపోయిన చక్రం. తప్పని అనలేం. షెడ్డుకు పెద్ద మరమ్మతు కోసం వచ్చే ముందు బండి అలాగే ఉంటుంది.

కానీ చక్రం తగ్గితే బఫర్ ఎత్తూ తగ్గుతుంది, అది మరిచిపోవద్దు. బ్రాడ్‌గేజ్‌లో బఫర్ మధ్యభాగం పట్టా పైనుంచి 1,105కి మించకూడదు, 1,030కి తగ్గకూడదు. మీ బొమ్మలో అది 12.7కీ 11.8కీ మధ్య ఉండాలి. కోచ్ బఫర్ పక్కన పెట్టి చూసుకోండి.

ట్రైమౌంట్ బోగీ గురించి ఒక మాట. మూడు ఇరుసుల మధ్య దూరాలు సమానం కావు. మొత్తం 3,810 మి.మీ. ఉంటుంది గానీ నడిమి ఇరుసు నడిమధ్య ఉండదు. ట్రాక్షన్ మోటార్లను అమర్చిన తీరు వల్ల అలా వచ్చింది. చాలా బొమ్మల్లో మూడు చక్రాలు సమాన దూరంలో పెట్టేస్తారు. షెడ్డులో చేసినవాడికి అది దూరం నుంచే తెలిసిపోతుంది. గేజ్ కంటే నాకు ఇదే ముఖ్యం.

కాజీపేటవాసి

పెద్దాయనా, మీరు రాసింది చదివి గీసిన డ్రాయింగ్ మళ్లీ తెరిచాను. బోగీ మొత్తం మీరు చెప్పిన 3,810, నాకు 43.8 మి.మీ. అవుతుంది. హడ్సన్ ఒడ్డు గారు చెప్పిన మోడల్ బోగీలోనూ ఎడం సమానంగా లేదని ఫొటోల్లో కనిపిస్తోంది. చాలా సంతోషం.

ఇంకొకటి అడగనా? లాంగ్‌హుడ్ చివర్లో ఉన్న రేడియేటర్ దగ్గర లోపల ఏం కనిపిస్తుంది? పైన ఫ్యాన్ జాలీ సన్నటి ఇత్తడితో చేస్తున్నాను. దాంట్లోంచి కిందికి చూస్తే ఖాళీగా ఉంటే బాగోదు.

షెడ్డు మనిషి

పైనుంచి చూస్తే ఫ్యాన్ రెక్కలు, వాటి కింద గేర్‌బాక్స్. ఆ ఫ్యాన్‌కు కరెంటు మోటారు లేదు. ఇంజన్ షాఫ్టు నుంచే తిరుగుతుంది. మధ్యలో ఎడ్డీ కరెంట్ క్లచ్ ఉంటుంది, నీళ్లు వేడెక్కితే పట్టుకుంటుంది, చల్లబడితే వదిలేస్తుంది. ఆ షాఫ్టును లంబంగా పైకి తిప్పేదే ఆ గేర్‌బాక్స్. రెక్కల కింద ముదురు రంగు దిమ్మ ఒకటి పెడితే చాలు. రెండు పక్కలా రేడియేటర్ కోర్లు, వాటి బయట షట్టర్లు. షట్టర్లు సగం తెరిచి పెట్టండి. వేసవిలో ఎప్పుడూ మూసి ఉండవు.

క్యాబ్ వైపు నుంచి వరుస చెబుతాను, తలుపులు పెట్టేటప్పుడు పనికొస్తుంది. క్యాబ్ తర్వాత కంట్రోల్ కంపార్ట్‌మెంట్, తర్వాత జనరేటర్, తర్వాత ఇంజన్, తర్వాత ఎక్స్‌ప్రెసర్, చివర రేడియేటర్. ఎక్స్‌ప్రెసర్ అంటే గాలి కంప్రెసరూ వాక్యూమ్ తీసే ఎగ్జాస్టరూ కలిపి ఒకే మెషిన్. 1980ల బండి అంటున్నారు కాబట్టి వాక్యూమ్ బ్రేకు ముఖ్యం. ఆ గది తలుపుల కింద ఎప్పుడూ నూనె మరకలుండేవి. ఎంత తుడిచినా మర్నాటికి మళ్లీ వచ్చేవి.

మీటర్‌గేజ్ మిత్ర

గొడవే లేని దారి చెప్పనా? వైడీఎం-4 చేయండి! ఆల్కో డీఎల్535ఏ, అదే 251 కుటుంబంలో 6 సిలిండర్లది, 1,400 హార్స్‌పవర్. మీటర్‌గేజ్‌ను 87తో భాగిస్తే 11.5. బజారులో 12 మి.మీ. ట్రాక్ రెడీమేడ్‌గా దొరుకుతుంది, స్విట్జర్లాండ్ కొండ రైళ్ల కోసం చేసింది. తేడా అర మిల్లీమీటరు. గుంటూరు-గుంతకల్లు లైను మీటర్‌గేజ్‌గా ఉన్నప్పుడు చూసినవాళ్లు ఇక్కడ ఎంతమంది ఉన్నారు? ఆ లైను మోడల్ ఎవరూ చేయలేదని నాకు బెంగ.

కాజీపేటవాసి

అన్నా, మీ బెంగ అర్థమైంది, తర్వాతి ప్రాజెక్టు అదే. కానీ నాకు ఇల్లు కాజీపేట. చిన్నప్పుడు వంతెన మీద నిలబడి చూసింది ఈ బండినే.

నిర్వాహకుడు

వైడీఎం-4 కోసం మిత్ర గారు వేరే చర్చ తెరవండి, ఇక్కడ లింకు ఇస్తాను. ఇది డబ్ల్యూడీఎం-2కే ఉంచుదాం.

కొత్త ప్రయాణికుడు

నాకు ఈ లోకం కొత్త. ఇంట్లో 3డీ ప్రింటర్ ఉంది, పీఎల్ఏ ఫిలమెంట్. బండి మొత్తం దానితో ప్రింట్ చేస్తే ఇంత కష్టం ఎందుకు?

రంగుడబ్బా

తమ్ముడూ, నేర్చుకోవడానికి తప్పకుండా చేయి. కానీ తెలుసుకోవాల్సినవి రెండున్నాయి. ఫిలమెంట్ ప్రింటర్ పొరలు పొరలుగా పోస్తుంది కాబట్టి నున్నటి హుడ్ మీద గీతలు మిగులుతాయి. తలుపు కీళ్లు, రివెట్ల దగ్గర రుద్దలేవు, రుద్దితే అవి కూడా పోతాయి. రెజిన్ ప్రింటర్‌లో ఈ బాధ బాగా తక్కువ. ఇక పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెలలో విజయవాడలో ఎండలో నిలిపిన కారులో మోడల్ మరిచిపోతే సాయంత్రానికి వంగిపోతుంది. హ్యాండ్‌రైళ్లు మాత్రం ప్రింట్ చేయకు, ఏ ప్రింటర్ అయినా సరే. అసలు గొట్టం 32 మి.మీ. అనుకుంటే 87వ వంతు 0.37. ఇత్తడి తీగ 0.4ది తీసుకుని వంచితే నిలబడుతుంది. ప్రింట్ చేసింది చెయ్యి తగిలితే విరుగుతుంది.

కాజీపేటవాసి గారూ, రంగు సంగతి ఎప్పుడు?

కాజీపేటవాసి

ఇటుక ఎరుపు, మీద క్రీమ్ పట్టీ అనుకుంటున్నాను. ఇంట్లో ఉన్న పాత ఫొటోలో అలాగే ఉంది. ఫొటో వెలిసిపోయింది కాబట్టి అసలు ఎరుపు ఎంత ముదురో చెప్పలేకపోతున్నాను.

రంగుడబ్బా

వెలిసిన ఫొటోలోంచి రంగు నేరుగా తీసుకోవద్దు. అదే ఫొటోలో మీకు కచ్చితంగా తెలిసిన రంగు ఒకటి వెతకండి. సిగ్నల్ ఎరుపో, గార్డు చేతిలో పచ్చజెండానో. అది ఎంత మారిందో చూస్తే మిగతాది ఊహించొచ్చు. ఆపైన చిన్న మోడల్‌కు అసలు రంగు కంటే కొంచెం లేతగా వేయాలి. నిండు రంగు వేస్తే చిన్న వస్తువు మీద నల్లగా కనిపిస్తుంది.

ముందు క్రీమ్ వేయండి, ఆరాక పట్టీ మేర మాస్కింగ్ టేపు అంటించి ఎరుపు వేయండి. ఎరుపు మీద క్రీమ్ వేస్తే నాలుగు కోట్లు పడుతుంది, అంచు మందమవుతుంది. వానాకాలంలో లాకర్ రంగులు ఎయిర్‌బ్రష్‌తో కొట్టొద్దు, గాలిలో తేమకు తెల్లగా పొగమంచు పట్టినట్టు అవుతుంది. తెల్ల అక్షరాలు మామూలు ప్రింటర్‌లో రావు, దానికి తెల్ల ఇంకు ఉండదు. డెకాల్స్ (అతికించే అక్షరాలు) చేసేవాళ్లతో తెల్ల అక్షరాలే అచ్చు వేయించుకోవాలి.

మసి గురించి పెద్దాయన చెబితే బాగుంటుంది. మామూలుగా అందరూ పొగగొట్టం చుట్టూ నల్లటి గుండ్రటి మచ్చ వేస్తారు.

షెడ్డు మనిషి

గుండ్రంగా ఉండదు బాబూ. బండి పరుగెడుతుంటే పొగ వెనక్కి పడుతుంది, కాబట్టి హుడ్ పైకప్పు మీద పొడుగ్గా సాగుతుంది. అయితే ఈ బండి రెండు వైపులా నడుస్తుంది. క్యాబ్‌లో రెండు కంట్రోల్ స్టాండ్లు ఉంటాయి, ఒకసారి షార్ట్‌హుడ్ ముందు, ఒకసారి లాంగ్‌హుడ్ ముందు. కాబట్టి మసి గొట్టానికి రెండు పక్కలా ఉంటుంది, క్యాబ్ పైకప్పు మీదా పడుతుంది. లాంగ్‌హుడ్ ముందుపెట్టి నడిపితే డ్రైవర్‌కు దారి సరిగా కనపడేది కాదు, పొగ కూడా క్యాబ్ మీదికే వచ్చేది. వాళ్లు పడ్డ బాధ మాకు తెలుసు.

అంత నల్ల పొగ ఎందుకంటే, డ్రైవర్ నాచ్ (పవర్ మెట్టు) పెంచగానే ఇంజెక్టర్‌లోకి డీజిల్ వెంటనే పెరుగుతుంది. ఇంజన్‌కు గాలి ఎక్కించే టర్బో వేగం అందుకోవడానికి మాత్రం కొంత సేపు పడుతుంది. ఆ లోపల గాలి చాలక డీజిల్ సరిగా కాలదు. స్టేషన్‌లోంచి బయలుదేరేటప్పుడు ఆకాశం నల్లబడేది అందుకే. టర్బో అందుకున్నాక పొగ పలచబడుతుంది.

డీజిల్ ట్యాంకు 5,000 లీటర్లది. నింపే మూతి దగ్గర ఎప్పుడూ తడి మెరుపు, దానికి దుమ్ము అంటుకుని జిడ్డు. మిగతా బండి మాసిపోయి ఉన్నా అక్కడ మాత్రం మెరవాలి. బోగీల మీద బ్రేకు బ్లాకుల ఇనుప పొడి తుప్పు రంగులో పట్టి ఉంటుంది.

విశాఖ_లోకో

పెద్దాయన పోస్టులన్నీ విడిగా కాపీ చేసుకుంటున్నాను. ఇవి ఏ డ్రాయింగ్‌లోనూ ఉండవు.

కాజీపేట బండి అంటే రెండు కలిపి చేయండి. ఏపీ ఎక్స్‌ప్రెస్‌కు రెండు డబ్ల్యూడీఎం-2లు జతచేసి లాగిన రోజులవి. డీసీసీలో, అంటే మోడల్ రైళ్ల డిజిటల్ కంట్రోల్‌లో, రెండు లోకోలను ఒకే చిరునామా కింద కలిపేస్తే ఒక్క కంట్రోలర్‌తో నడుస్తాయి. మా వైపు ఇనుప ఖనిజం బండ్లకూ డీజిళ్లు జతలుగానే కట్టేవారు, ఆ కొండదారిలో ఒక్కటి చాలేది కాదు.

హడ్సన్ ఒడ్డు

చప్పుడు సంగతి నేను చూసుకుంటాను. ఈఎస్‌యూ కంపెనీ చేసే లోక్‌సౌండ్ డీకోడర్‌లో (బండిలో పెట్టే చప్పుడు చిప్పు) 16 సిలిండర్ల ఆల్కో 251 రికార్డింగ్ ఉంది, అమెరికాలో సీ-628 లాంటి బండ్ల కోసం చేసినది. ఇంజన్ కుటుంబం ఒకటే కాబట్టి ఐడిల్‌లో ఆ తడబడుతున్నట్టుండే గురగుర సరిపోతుంది. 400 ఆర్‌పీఎం దగ్గర ఫోర్‌స్ట్రోక్ 16 సిలిండర్లంటే సెకనుకు 53 పేలుళ్లు. అయినా ఆల్కోలో అవి కలిసిపోకుండా అల అలగా వినిపిస్తాయి. హారన్ మాత్రం అమెరికాది తీసేయాలి. అది ఒకేసారి పలు స్వరాలు మోగే హారన్, మనది వింటూనే తేడా తెలుస్తుంది. ఎవరి దగ్గరైనా మన హారన్ మంచి రికార్డింగ్ ఉంటే పంపండి, ఫైల్‌లో మార్చి ఇస్తాను.

బ్రాడ్‌గేజ్1676

గేజ్ ఏం చేశారు? ఈ మాట తేలకుండా రంగుల్లోకి వెళ్లిపోయాం.

కాజీపేటవాసి

తేల్చాను. 19.3 వేస్తున్నాను.

ఆర్ఎస్‌డీ-12 యంత్రం వచ్చింది. విప్పి చూస్తే ఒక్కో ఇరుసు నిజానికి రెండు ముక్కలు. మధ్యలో ప్లాస్టిక్ గేరు, దానిలోకి రెండు వైపుల నుంచి చక్రాల పొట్టి ఇరుసులు గుచ్చి ఉన్నాయి. ఒక్కో పక్క 1.4 మి.మీ. బయటికి లాగితే గేజ్ సరిపోతుంది, కానీ గేరులో పట్టు తగ్గి జారిపోతుంది. కాబట్టి పొడుగు ఇరుసులు లేత్ మీద తిప్పిస్తున్నాను. వాటితోపాటు చక్రాలు కూడా 12.5కి కొత్తవి. పెద్దాయన చెప్పిన అరిగిన చక్రం ఆలోచన బాగుంది కానీ, షెడ్డులోంచి అప్పుడే బయటికొచ్చిన బండి చేయాలని నా కోరిక. బోగీ పక్క ఫ్రేములు కూడా అంతే బయటికి జరపాలి, దానికి ఇత్తడి ముక్కలు కోశాను.

విశాఖ_లోకో గారి మాటా కొట్టిపారేయలేదు. పాత చక్రాలు, ఇరుసులు దాచి ఉంచాను. కింద బోగీ మార్చుకుంటే వాళ్ల లేఅవుట్ మీద నడుస్తుంది.

ట్రాక్ ఎక్కువ వేయను. కాజీపేట ప్లాట్‌ఫారం చివర ఒక ముక్క, బండి ముందుకూ వెనక్కూ కదిలేంత. మీటరుకు 52 కిలోల పట్టా ఎత్తు 156 మి.మీ., 87వ వంతు 1.8, అంటే కోడ్ 70 (0.070 అంగుళాల ఎత్తు) మోడల్ పట్టా దాదాపు సరిగ్గా సరిపోతుంది. చెక్క స్లీపరు 2,740 పొడవుకు 31.5 కోస్తున్నాను. నాలుగింటికొకటి సర్క్యూట్ బోర్డు ముక్క పెట్టి పట్టాను దానికి టంకం వేస్తాను, గేజ్ కదలకుండా.

బ్రాడ్‌గేజ్1676

చాలా సంతోషం. బోగీలు మార్చుకునే ఏర్పాటు నాకు తట్టలేదు, విశాఖ వాళ్లకూ న్యాయం జరిగింది. 19.3 గేజ్ కొలబద్ద ఇత్తడిది నా దగ్గర ఉంది, కొరియర్ చేస్తాను. చిరునామా విడిగా మెసేజ్ పెట్టండి.

విశాఖ_లోకో

బోగీలు మార్చి తీసుకొస్తే మా వాళ్లందరికీ చూపిస్తాను. కోచ్‌లు మావి.

కాజీపేటవాసి

పెద్దాయనా, చివరిగా ఒకటి. బఫర్ బీమ్ (బఫర్లు బిగించే అడ్డదూలం) మీద గొట్టాలు పెడుతున్నాను. వాక్యూమ్ గొట్టం ఒక్కటి చాలా?

షెడ్డు మనిషి

వాక్యూమ్ గొట్టం లావుగా, బీమ్ కంటే పైకి నిలబడి, మెడ వంచినట్టు ఉంటుంది. అది తప్పనిసరి. తర్వాత ఎయిర్ బ్రేకు కూడా పెట్టిన బండి అయితే దానితోపాటు బీపీ (బ్రేకు పైపు), ఎఫ్‌పీ (ఫీడ్ పైపు) గొట్టాలు వస్తాయి. బీపీ కాక్ (కుళాయి) ఆకుపచ్చ, ఎఫ్‌పీ కాక్ తెలుపు. మీ ఫొటో ఏ సంవత్సరందో, అందులో బీమ్ దగ్గర ఆ రెండూ కనిపిస్తున్నాయో లేదో భూతద్దం పెట్టి చూసి చెప్పండి. కనిపించకపోతే పెట్టొద్దు. బఫర్ ముఖాలకు గ్రీజు పూసినట్టు నల్లటి మెరుపు వేయండి, రంగు వేయొద్దు. ఫొటో స్కాన్ చేసి ఇక్కడ పెడితే మిగతావి కూడా చూసి చెబుతాను.